ఇరవై నాలుగు దొరక్కపోతే

టెస్టు గది,
వెనక కిటికీ పక్క బల్ల.

మరదలా,

ఈ ఉత్తరం బోర్డుల పెట్టెలో నురుగు షీటు కింద దొరికిందని కంగారు పడకు. వేరే దారి లేక అక్కడ పెట్టాను. ఇంట్లో నేను ఫోను తీస్తే మీ అన్నయ్య స్పీకరు పెట్టమంటారు. ఆఫీసు మెయిలు నాకంటే ముందు ఆయనే చదువుతారు. మీ ల్యాబుకీ మా కంపెనీకీ మధ్య వారం వారం తిరిగే ఈ అట్టపెట్టె ఒక్కటే ఆయన చెయ్యి పెట్టని చోటు. వంగి పెట్టె విప్పడం యజమానికి నామోషీ కదా.

ముందు పని మాట. మా పరీక్ష హాలు గడియారాలకి సర్క్యూట్ బోర్డు గీసేదీ మీరే, దాని హార్డ్‌వేర్ వివరాల ఫైలు రాసేదీ మీరే. ఆ ఫైల్లో ప్రాసెసర్ వేగాల పట్టిక నువ్వు వెయ్యి మెగాహెర్ట్జ్ దగ్గర ఆపేశావట. "మా చెల్లికి చెప్పు, కింద ఇంకో వరస కలిపి పన్నెండు వందలని రాయమను. పోటీ కంపెనీవాడు డబ్బా మీద పన్నెండు వందలని వేసుకున్నాడు" అని మీ అన్నయ్య సెలవిచ్చారు. రాసినంత మాత్రాన వస్తుందా అని అడిగాను. "రాయకపోతే ఎలా వస్తుంది?" అన్నారు.

గడియారానికి అంత వేగం దేనికండీ, సరిగ్గా నడిస్తే చాలదా అని కూడా అన్నాను. టెస్టు గదికి నన్ను పెద్దని చేసినందుకు విచారిస్తున్నట్టు చూశారు.

ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. పెట్టె తిరిగి వచ్చేటప్పుడు నాలుగు ముక్కలు రాయి.

మీ వదిన

*

బోర్డుల ల్యాబు, రెండో అంతస్తు,
సోల్డరింగు పొగ మధ్య నుంచి.

వదినా,

నీ ఉత్తరం చదివి నాలో నేనే నవ్వుకుంటుంటే పక్క బల్లవాడు నాకేదో అయిందనుకున్నాడు. అన్నయ్య ఏమీ మారలేదు. చిన్నప్పుడు మా ఎత్తులు కొలిచి అమ్మ తలుపు చెక్క మీద పెన్సిలుతో గీతలు గీసేది. తన పాత గీతని చెరిపి, బెత్తెడు కిందికి గీసి, నెల తిరక్కుండా ఎంత పెరిగానో చూడమని ఇంటిల్లిపాదికీ చూపించిన మహానుభావుడు అన్నయ్య. ఇప్పుడు ప్రాసెసర్‌ని పెంచుతానంటున్నాడన్నమాట.

ఆయనకి అర్థమయ్యేలా చెప్పు. బోర్డుకి కరెంటు ఇచ్చేసరికి ప్రాసెసర్‌కి ఏమీ తెలియదు. మెమరీ ఎంతుందో, తెర ఎటు తగిలించారో, బటన్లు ఎన్ని ఉన్నాయో దానికి చెప్పేది నా ఫైలు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ఆ ఫైలు పని. లేనిది రాస్తే పుట్టుకొచ్చేయదు. గుర్తింపు కార్డులో ఆరడుగులని రాయించుకుంటే అన్నయ్య మెడ సాగుతుందా? నేను పన్నెండు వందలని రాసినా, ఆ ప్రాసెసర్ ఆ వరస చదివి, తన వల్ల కాదని తెలుసుకుని, బుద్ధిగా వెయ్యి దగ్గరే నడుస్తుంది. తన తాహతు తనకి తెలుసు దానికి. ఆ సుగుణం మన ఇంట్లో అందరికీ లేదు.

డబ్బా మీద ఎంత కావాలంటే అంత వేసుకోమను. పేరు గొప్ప ఊరు దిబ్బ. నా ఫైల్లో మాత్రం వెయ్యే ఉంటుంది.

అవునూ, పిల్ల ప్రవేశ పరీక్ష ఫలితాలు వచ్చి ఉండాలే? ఊసే ఎత్తలేదేం? మా నత్త ఏం చేసింది?

మరదలు

*

టెస్టు గది.

మరదలా,

నువ్వు అడుగుతావనే భయపడ్డాను. అందుకే ముందు రాయలేదు.

తప్పింది. ఆఖరి ప్రశ్న, అన్నిటికంటే పెద్దది, ముట్టుకోనే లేదు. కాగితం లాగేసుకున్నారట. ఇంట్లో ఎన్నిసార్లు రాయించాను! ప్రతిసారీ టైము మిగిల్చుకుని లేచేది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే, "అమ్మా, గడియారం పరిగెత్తింది" అంది.

మీ అన్నయ్య పగలబడి నవ్వారు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. అది మన కంపెనీ గడియారమే, తెలుసా? మీ నాన్న గడియారాన్నే తప్పుపడుతున్నావు. నత్తవి నువ్వు. తిండి దగ్గర నత్త, స్నానం దగ్గర నత్త, పరీక్షలో లేడివి అవుతావా?" అన్నారు. పనివాళ్ళ ముందు కూడా ఇదే కథ చెప్పి నవ్విస్తున్నారు. మళ్ళీ రాయడానికి దరఖాస్తు తెస్తే సంతకం పెట్టనన్నారు. ప్యాకింగు బల్ల దగ్గర కూర్చుని డబ్బాలకి లేబుళ్ళు అంటిస్తే వేగం అదే వస్తుందట. వచ్చే నెల నుంచి పంపుతారట.

పిల్ల అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. గడియారం మాట మళ్ళీ ఎత్తలేదు. అది నాకు ఇంకా బాధగా ఉంది.

నేనూ దాన్ని కసిరాను. ఎందుకంటే ఆ హాల్లో వేరే గడియారం ఉండదు. పిల్లలవీ, కాపలా ఉండేవాళ్ళవీ చేతి వాచీలు గేటు దగ్గరే తీసుకుంటారు, గోడ గడియారాలు దించేస్తారు, నెట్టు తీగ కూడా ఉండనివ్వరు. మా గడియారం మూడు గంటల నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తుంది, సున్నా కాగానే మోగుతుంది. ఈమధ్య తయారైన కొత్త విడత గడియారాలన్నీ నేనే టెస్టు చేశాను. రెండేసి గడియారాలు పక్కపక్కన పెట్టి ఒకేసారి మొదలుపెట్టాను. సెకను తేడా రాలేదు. ఇక పిల్ల మాట ఎలా నమ్మను?

మీ వదిన

*

బోర్డుల ల్యాబు.

వదినా,

ఈసారి నవ్వు రాలేదు. గబగబా రాస్తున్నాను, పెట్టె వెళ్ళిపోతోంది.

నువ్వు పక్కన పెట్టి పోల్చిన రెండో గడియారం ఎక్కడిది? అదీ ఆ విడతలోదే కదా? మరి దొంగకి దొంగ చేత సాక్ష్యం చెప్పించావు. ఇద్దరూ ఒకే మాట చెప్పక ఏం చేస్తారు?

ఒక బోర్డు విప్పు. ప్రాసెసర్‌ని ఆనుకుని మెరిసే చిన్న లోహపు డబ్బా ఉంటుంది, పెసరగింజంత. అదే క్రిస్టల్. దాని కంపనాలు లెక్కపెట్టుకునే ప్రాసెసర్ సెకను గడిచిందని అనుకుంటుంది. ఎన్ని కంపనాలకి ఒక సెకనో నా ఫైలు చెబుతుంది. మేం గీసిన బోర్డుకి ఇరవై నాలుగు మెగాహెర్ట్జ్ క్రిస్టల్, కాబట్టి రెండు కోట్ల నలభై లక్షలని రాశాను. వేగాల పట్టికలో అబద్ధం రాస్తే ప్రాసెసర్ కనిపెట్టగలదు. ఈ ఒక్క అంకె మాత్రం అది గుడ్డిగా నమ్మాల్సిందే. సరిచూసుకోవడానికి దాని దగ్గర ఇంకో గడియారం లేదు.

భూతద్దం పెట్టి ఆ డబ్బా మీద ఏముందో చదువు. తర్వాత నీ చేతి వాచీ పక్కన పెట్టి ఒక్క గంట నడిపించు.

పిల్లని ఏమీ అనకు. అన్నయ్యకి అప్పుడే ఏమీ చెప్పకు.

మరదలు

*

టెస్టు గది,
తలుపు గడియ పెట్టుకుని.

మరదలా,

ఇరవై ఐదు.

మొదట నా కళ్ళని నమ్మలేదు. ఇంకో బోర్డు విప్పాను, ఇంకోటి విప్పాను. పాత విడతలో అన్నీ ఇరవై నాలుగు, కొత్త విడతలో అన్నీ ఇరవై ఐదు. వాచీ పెట్టి చూశాను. నా వాచీలో గంట అయ్యేసరికి మన గడియారం రెండున్నర నిమిషాలు ముందుంది. అంటే మూడు గంటల పరీక్షలో పిల్లలకి ఏడు నిమిషాలకి పైగా కోత. అది చెప్పిన మాట అక్షరాలా నిజం. గడియారం పరిగెత్తింది.

నువ్వు చెప్పొద్దన్నావు కానీ నా వల్ల కాలేదు. భోజనాల దగ్గర మామూలుగా అడిగినట్టు అడిగాను, క్రిస్టల్ ఎందుకు మారిందని. మీ అన్నయ్య జవాబు ఒక్క పొల్లు పోకుండా రాస్తున్నాను.

"ఇరవై నాలుగు దొరకలేదు. అదే ధరకి ఇరవై ఐదు ఇస్తానన్నాడు. ఒకటి ఎక్కువే వస్తుంటే ఎవడైనా వద్దంటాడా?"

వంకాయలు కొన్నట్టు! కొసరు వేయించుకున్నట్టు! ఆ కొసరు ఎవరి దగ్గర కోసుకున్నారో తెలుసా అండీ అని అడిగి, వాచీ బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. పాపం, బాధపడుతున్నారేమో అనుకున్నాను. ఆ ముద్ద మింగి, "ఇది మన ముగ్గురికే తెలుసు కదా?" అన్నారు. కూతురు పక్క గదిలోనే ఉంది. దాని పేరు కూడా ఎత్తలేదు.

ఆ మనిషితో ఇన్నేళ్ళు ఎలా కాపురం చేశానా అనిపించింది. ఉన్నమాట రాశాను, ఏమీ అనుకోకు.

ఇప్పుడు నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. పరీక్షల కార్యాలయానికి చెబితే కంపెనీ పోతుంది. ఆ విడత మీద పాసైందని సంతకం పెట్టింది నేను. చెప్పకపోతే నా కూతురు జీవితాంతం నత్తే. దానితో పాటు ఆ హాళ్ళలో కూర్చున్న ఎంతమంది పిల్లలో, వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో ఇవే మాటలు పడుతూ ఉంటారు.

వదిన

*

యజమాని గది.
(కంపెనీ ముద్రతో)

చెల్లికి,

పెట్టె విప్పడం నాకు నామోషీ అని మీరిద్దరూ ధీమాగా ఉన్నట్టున్నారు. విప్పాను. మీ వదిన ఉత్తరం చదివాను. తిరిగి నురుగు కిందే పెట్టాను. నాకు సంస్కారం ఉంది.

వదినా మరదళ్ళు కలిసి గోరంతని కొండంత చేస్తున్నారు. ఏడు నిమిషాలకి ఎవరి కొంపా మునగదు. హాల్లో అందరికీ అదే గడియారం. అందరికీ సమానంగా తగ్గినప్పుడు అన్యాయం ఎక్కడిది? చదువుకున్న పిల్లలు ముందే రాసేసి కూర్చుంటారు. రాయలేని వాళ్ళకి ఏడు నిమిషాలు ఇచ్చినా ఒకటే, డెబ్బై ఇచ్చినా ఒకటే.

నువ్వు చెయ్యాల్సింది చిన్న పని. ఫైల్లో ఆ ఒక్క అంకె మార్చు. పాత తేదీ వెయ్యి. ఏం మార్చావో, ఎందుకు మార్చావో ఎక్కడా రాయకు. వచ్చే పరీక్షలకి అన్నీ సక్రమంగా నడుస్తాయి, ఎవరికీ నష్టం ఉండదు. నిన్ను చదివించింది ఎవరో ఒకసారి గుర్తు చేసుకో.

పన్నెండు వందల వరస సంగతి కూడా చూడు.

అన్నయ్య

*

బోర్డుల ల్యాబు.

అన్నయ్యా,

నన్ను చదివించింది నువ్వే. మరిచిపోలేదు. ఉన్నది ఉన్నట్టు రాసే ఉద్యోగానికి చదివించావు, అదే చేస్తున్నాను.

అందరికీ సమానమట! పాత బోర్డులున్న హాళ్ళలో పిల్లలు మూడు గంటలూ నిండుగా రాశారు. కొత్తవి తగిలించిన హాళ్ళలో రాయలేకపోయారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చీటీల్లో వచ్చింది. నీ కూతురికి నీ గడియారం వచ్చింది. ఇందులో సమానం ఎక్కడుందో నాకు కనిపించలేదు. నీ లెక్క ఎప్పుడూ ఇంతే, తలుపు చెక్క మీద గీతని కిందికి జరిపి నేను పొడుగయ్యానంటావు. అప్పుడు అమ్మ నవ్వి ఊరుకుంది. నాలుగు తగిలించి ఉంటే ఈపాటికి బాగుపడేవాడివి.

కొత్త విడత ఫైల్లో అంకె మార్చాను. నువ్వు అడిగావని కాదు, బోర్డు మీద ఇరవై ఐదు ఉన్నప్పుడు ఫైలు ఇరవై ఐదనే చెప్పాలి గనక. తేదీ ఈరోజుదే. ఆ అంకె పైన, చదివేవాళ్ళ కోసం, రెండు వరసలు రాశాను: "కొత్త విడత బోర్డుల్లో క్రిస్టల్ మారింది. ఈ దిద్దుబాటుకి ముందు వీటి మీద నడిచిన పరీక్షల్లో టైము తక్కువ వచ్చింది." ఈ ఫైలు ఎంతమంది చేతులు మారినా ఆ వరసలు దానితోనే వెళ్తాయి.

పన్నెండు వందలు నీ డబ్బా మీదే ఉంచుకో.

నా మేనకోడల్ని నత్త అని నువ్వన్నావు. నేనూ నవ్వుతూ అన్నాను. ఇకపై ఆ మాట నా నోట రాదు. నువ్వేం చేస్తావో నీ ఇష్టం.

చెల్లి

*

అదే పెట్టెలో, నురుగు కింద.

వదినా,

ఆయన చదువుతాడని తెలిసే రాస్తున్నాను. చదవనీ.

నా వంతు చేశాను. ఫైలు నా చేతిలో ఉంది, గడియారాల మీద సంతకం నీది. కంపెనీ పోతే మా ల్యాబులో టెస్టు బల్ల ఒకటి ఖాళీగా ఉంది. ఇది ఓదార్పు మాట కాదు, మా పెద్దాయన్ని అడిగి రాస్తున్నాను. నీకు ధైర్యం చాలకపోతే నేనేమీ అనను. కానీ పిల్లకి మాత్రం నిజం చెప్పు. తనే తప్పని అది నమ్మేస్తోంది.

మరదలు

*

కొత్త చిరునామా నుంచి కాదు, ఇంటి నుంచే.
వంటగది బల్ల.

మరదలా,

నెలల తర్వాత రాస్తున్నాను, తిట్టుకోకు. ఇప్పుడు పెట్టెలు తిరగడం లేదు కాబట్టి ఇది మామూలు తపాలాలో వస్తుంది.

నీ ఉత్తరం మీ అన్నయ్య నా ముందే చదివారు. చదివి బల్ల మీద విసిరికొట్టి, "ఆ ఏడు నిమిషాలూ ఇస్తే మాత్రం ఏం పొడిచేదట?" అని గట్టిగా అన్నారు. నేను నోరు తెరిచేలోపే పిల్ల గదిలోంచి వచ్చింది. దానికి అంతకు ముందు రోజే అంతా చెప్పాను. ఆ పాత ప్రశ్నపత్రం తెచ్చుకుంది. నా చేతి వాచీ అడిగి తీసుకుని వాళ్ళ నాన్న ముందు పెట్టింది. "మీరే చూడండి నాన్నా" అని కూర్చుని, ఆఖరి ప్రశ్న మొదలుపెట్టింది. నేను వాచీ చూడలేదు, దాని చెయ్యి చూస్తూ నిలబడ్డాను. రాయడం ముగించి పెన్నుకి మూత పెట్టింది. ఆయన వాచీ చేతిలోకి తీసుకుని, ఏడు నిమిషాలు ఇంకా కాలేదని చూసి, ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. నిజం, మరదలా. కూతురు రాసిందని నమ్మడానికి ముందు వాచీ చచ్చిపోయిందేమోనని చూసుకున్నారు!

అంతకు ముందు దాకా నాకు భయంగానే ఉంది. ఆ క్షణంలో పోయింది. మర్నాడు పరీక్షల కార్యాలయానికి నా పేరు మీదే రాసి ఇచ్చాను, ఏ విడత, ఎంత తేడా, టెస్టు ఎలా తప్పుగా చేశాను అన్నీ. నీ ఫైలు జత చేశాను. మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఆ రెండు వరసలు చూశాక వాళ్ళ మనిషి ఒకాయన చేతి వాచీ పట్టుకుని వచ్చి, గంటసేపు గడియారం ముందు కూర్చుని, తేడా రాసుకుని వెళ్ళాడు. తర్వాత ఆ హాళ్ళ పిల్లలందరికీ మళ్ళీ పరీక్ష పెట్టారు. మా ఒప్పందం రద్దు చేశారు. ఇప్పుడు హాళ్ళలో తాళం చెవి తిప్పే పాత గోడ గడియారాలు పెట్టారట.

మీ అన్నయ్య వారాల తరబడి తేలు కుట్టిన దొంగలా తిరిగారు. ఒకసారి మాత్రం, "కూతురి కోసం కంపెనీ ముంచావు" అన్నారు. ముంచింది నేను కాదండీ, మీకు కొసరుగా వచ్చిన ఆ ఒకటి అన్నాను. నన్ను టెస్టు గదిలోంచి తీసేస్తారనుకున్నాను, తీయలేదు. ఇప్పుడక్కడ టెస్టు చేయడానికి ఏమీ లేదు కూడా. మీ ల్యాబు బల్ల సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను. నువ్వు ఆ మాట అడిగి రాసిన రోజు వెక్కి వెక్కి ఏడ్చాను, నీకు చెప్పలేదు.

పిల్ల పరీక్ష రాసింది. గేటు దగ్గరికి ఆయనే కారు తెచ్చారు, ఎవరూ అడగలేదు. అందరికంటే ముందు అదే బయటికి వచ్చింది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, "ఇంకా టైముంది కదా, అప్పుడే లేచొచ్చావేం?" అని గదమాయించారు. "అయిపోయింది నాన్నా" అని వెనక సీట్లో కూర్చుంది. ఆయన గేటు వైపు ఓసారి చూసి కారు తిప్పారు. సీటు వచ్చింది. ఆ కబురు నీకు అదే ఫోను చేసి చెబుతానంటోంది, నేను రాసేశానని తెలిస్తే నన్ను బతకనివ్వదు.

ఇంకొక్కటి. వెనక్కి వచ్చిన గడియారాల్లో ఒకటి, దిద్దనిది, ఆయన ఇంట్లో తన గదిలో కుర్చీకి ఎదురుగా తగిలించుకున్నారు. మామూలుగా టైము చూపించేలా పెట్టుకున్నారు. అది రోజుకి సరిగ్గా ఒక గంట ముందుకి పోతుంది. అందరికీ రోజుకి ఇరవై నాలుగు గంటలైతే ఆయనకి ఇరవై ఐదు. ఒకటి ఎక్కువే! కాగితాలు తెచ్చిన గుమాస్తా చూసి, "సార్, గడియారం తప్పు నడుస్తోంది" అన్నాడు. "తెలుసు, ఉండనీ" అన్నారట.

నిన్న ఆ గదిలోంచి "నత్..." అని పిలవబోయి ఆగారు. కాసేపటికి పేరు పెట్టి పిలిచారు. పిల్ల పక్క గదిలోనే ఉండి పలకలేదు. మూడోసారికి నేనే వెళ్ళి చెప్పాను, నిన్నే పిలుస్తున్నారని. ఇంకెవరినో అనుకుందట.

మీ వదిన